కాలిపోయిందన్న పుస్తకం

మా హాలెట్ కౌంటీ కోర్టు భవనంలో పాత కాగితం ఏది అడిగినా ఒకటే జవాబు. "కాలిపోయిందమ్మా." తాతల నాటి పెళ్ళి కాగితమా, కాలిపోయింది. పొలం పంపకాల కాగితమా, కాలిపోయింది. అడిగేది నల్లవాళ్ళయితే ఆ మాట ఇంకా తొందరగా వచ్చేది, సొరుగు తెరిచే శ్రమ కూడా లేకుండా. ఆ మంట ఎలాంటిదో గాని, మనిషిని చూసి మరీ తగలబెట్టినట్టుంది.

వెర్లీన్ గాడిస్ తల్లి ఒజెల్లా బతికినంత కాలం ఆ మాట విన్నది. ఆమె జనన పత్రంలో తల్లి పేరు లువీనియా సిమ్స్ అని ఉంది. తండ్రి పేరు ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఆ ఖాళీ పక్కన నీలం సిరాతో "అక్రమ సంతానం" అని ముద్ర గుద్దారు. తండ్రి ఐజమ్ పెటిగ్రూ ఎక్కడికీ పారిపోయిన మనిషి కాదు. లువీనియాని పెళ్ళాడి, ఒకే ఇంట్లో చచ్చేదాకా కాపరం చేసి, ఒజెల్లాని భుజాల మీద ఎక్కించుకుని ప్రతి ఆదివారం చర్చికి తీసుకెళ్ళిన తండ్రి. ఊళ్ళో అందరికీ తెలుసు. పుట్టిన బిడ్డ వివరాలు రాసుకున్న గుమస్తాకి మాత్రం ఆ పెళ్ళి నమోదు కనపడలేదట. కనపడలేదు కాబట్టి ముద్ర గుద్దేశాడు.

ఒజెల్లా ఊరుకోలేదు. మా అమ్మా నాన్నల పెళ్ళి కాగితం ఇప్పించండి, ఈ ముద్ర తీసేయించుకుంటాను అని కాళ్ళరిగేలా తిరిగింది. ఆ కిటికీ వెనకాల నలుగురు గుమస్తాలు మారారు, జవాబు మారలేదు. ఇంటికొచ్చి టోపీ తీసి మంచం మీద పెట్టి, రాత్రి భోజనాల దాకా ఎవరితోనూ మాట్లాడేది కాదు. చివరికి అడగడం మానేసింది. అడగడం మానేసిందే గాని బాధ మానలేదని కూతురికి తెలుసు.

జూన్ నెల మొదటి ఆదివారం ఒజెల్లా పోయింది. పోయేముందు కోరింది ఒకటే. "నన్ను మా నాన్న పక్కన పెట్టండి." భర్త ఎప్పుడో చికాగోలో పనికెళ్ళి అక్కడే పోయి ఆ మట్టిలోనే కలిశాడు. ఇక్కడ ఆమెకున్నది తండ్రి పక్కన చోటే.

ఆ చోటు ఐజమ్ ఒకప్పటి పొలంలో, పైన్ చెట్ల మధ్య ఉంది. పొలం ఎన్నడో చెయ్యి జారిపోయింది. కాని అమ్మకం కాగితంలో ఒక ఎకరం విడిచిపెట్టి రాశారు, "ఐజమ్ పెటిగ్రూ శ్మశానం, ఆయన సంతానానికి" అని. ప్రతి మే నెలలో ఇంటిల్లిపాదీ వెళ్ళి అక్కడ గడ్డి పరక మిగలకుండా గీకి, ఊడ్చి, సమాధుల మీద ఎర్రమట్టి పోగుచేసి, పూలు పెట్టి, అక్కడే బల్లలు వేసుకుని భోంచేసి వచ్చేవాళ్ళు. ఎవరూ అడ్డు చెప్పలేదు. ఈ శీతాకాలంలో ఆ అడవిని జింకల వేటగాళ్ళ సంఘం ఒకటి కొనుక్కుంది. దారికి అడ్డంగా ఇనుప గేటు పెట్టి గొలుసు బిగించింది.

బుధవారం నాడు వెర్లీన్ బాబాయి కొడుకు రూడెల్ గొయ్యి తవ్వడానికి మనుషుల్నీ పారల్నీ తీసుకెళ్తే, సంఘం తరపున వెండెల్ క్రామ్ అనే అతను గేటు దగ్గర అడ్డం పడ్డాడు. సంతానానికి అని రాసుంది కాబట్టి సంతానమని రుజువు చూపించమన్నాడు. రూడెల్ అమాయకుడు. అంత్యక్రియల వాళ్ళిచ్చిన కాగితాల కట్టలోంచి ఒజెల్లా జనన పత్రం తీసి చేతికిచ్చాడు.

"ఇందులో తండ్రే లేడుగా బాబూ," అన్నాడట క్రామ్. "ఈవిడ పెటిగ్రూ ఎలా అవుతుంది? ఐజమ్ కూతురని కౌంటీ ముద్రతో కాగితం తెండి, గేటు తీస్తాను. లేకపోతే మా లాయరు ఒప్పుకోడు."

ఆ మాట రూడెల్ వచ్చి చెప్పినప్పుడు వెర్లీన్ వంటింట్లో నిలబడి ఉంది. బడి పిల్లలకి వండి పెడుతూ జీవితం గడిపిన మనిషి, యాభై ఎనిమిదేళ్ళు. ఎవరితోనూ పెద్దగా గొడవ పెట్టుకోని మనిషి. చేతిలో గరిటె పొయ్యి మీద పెట్టి, పొయ్యి ఆర్పేసింది.

"ఆ కాగితం వాడికి ఎందుకు చూపించావురా?"

"కాగితం అడిగాడు, ఇచ్చాను. దాని మీద అట్టాంటి ముద్ర ఉందని నాకేం తెలుసు?" రూడెల్ తలవంచుకున్నాడు. "పోనీలే వెర్లీనక్కా. చర్చి వెనకాల చోటుంది. అక్కడ పెట్టేద్దాం. ఇప్పుడు పెద్దమ్మకి తెలుస్తుందా ఏంటి."

"నాకు తెలుస్తుంది."

"శనివారానికి అందరూ వచ్చేస్తున్నారు. ఎక్కణ్ణుంచి తెస్తావు కాగితం? కాలిపోయిందిగా."

"చూద్దాం," అంది వెర్లీన్. ఏం చూడాలో అప్పటికి ఆమెకే తెలియదు. గురువారమంతా ఫోన్లతోనే గడిచిపోయింది. రాష్ట్ర రాజధానిలో ఉన్న ఆఫీసు వాళ్ళు కౌంటీని అడగమన్నారు, కౌంటీ వాళ్ళు రాజధానిని అడగమన్నారు.

శుక్రవారం పొద్దున్నే కోర్టు భవనానికి వెళ్ళింది. ఎప్పటిలాగే పక్క తలుపు వైపు నడిచింది. పూర్వం నల్లవాళ్ళు ఆ తలుపులోంచే లోపలికి రావాలి. వెర్లీన్ చిన్నపిల్లగా ఉండగానే ఆ బోర్డు తీసేశారు. అయినా ఒజెల్లా ముందు తలుపు తొక్కలేదు. "ఇటే అలవాటైపోయిందే," అనేది. తల్లితో పాటు కూతురికీ అదే అలవాటు. ఆ రోజు మాత్రం పక్క తలుపుకి రంగు వేస్తున్నారు, చుట్టూ తాడు కట్టేశారు. వెర్లీన్ తిరిగొచ్చి ముందు మెట్లెక్కి, ఎనిమిది ఎప్పుడవుతుందా అని గుమ్మం దగ్గర నిలబడింది. పొద్దు పోక గోడ మీది ఇత్తడి ఫలకం చదివింది.

ఫలకం మీద పెద్ద పెద్ద వాళ్ళ పేర్లు చాలా ఉన్నాయి. వాటికి పైన రెండే ముక్కలు. పాత భవనం 1911 ఫిబ్రవరిలో అగ్నికి ఆహుతి అయింది. ఈ భవనం 1913లో కట్టారు.

వెర్లీన్ మళ్ళీ చదివింది. తాతా అమ్మమ్మల పెళ్ళయింది 1921లో. ఆ సంవత్సరం అమ్మ నోట వెయ్యిసార్లు విన్నది, పత్తికి పురుగు పట్టి ఊరంతా దివాలా తీసిన ఏడు కాబట్టి ఎవరూ మరిచిపోరు. అంటే నిప్పంటుకున్న పదేళ్ళకి పెళ్ళయింది. ఇంకా జరగని పెళ్ళి ఎలా కాలిపోతుంది?

అరికాలి మంట నెత్తికెక్కింది వెర్లీన్‌కి. ఇన్నేళ్ళూ ఎంతమంది గుమస్తాలు ఈ ఫలకం పక్కనుంచే రోజూ లోపలికొచ్చారు, సాయంత్రం బయటికి పోయారు. ఒక్కరికీ లెక్క కట్టాలనిపించలేదు. లెక్క కట్టగలిగిన అమ్మకేమో ఈ తలుపు అలవాటు లేకుండా చేశారు. సిగ్గుండాలి.

తలుపులు తీయగానే తిన్నగా కిటికీ దగ్గరికి వెళ్ళింది. గుమస్తా డార్లా ఫిట్స్‌కి వెర్లీన్ కూతురి వయసుంటుంది. ఎప్పుడూ నవ్వు మొహమే. పెద్దా చిన్నా లేకుండా నల్లవాళ్ళని ఉత్త పేరు పెట్టి పిలవడం ఆమెకి వాళ్ళమ్మ నేర్పిన మర్యాద.

"ఏంటి వెర్లీన్, మీ అమ్మ పోయిందటగా. అయ్యో పాపం. మరణ పత్రాలు కావాలా?"

"పెళ్ళి కాగితం కావాలి. మా అమ్మమ్మా తాతలది."

"చెప్పాం కదమ్మా మీ అమ్మకి. అది కాలి..."

"ఎప్పుడు కాలిపోయింది?"

"ఎప్పుడంటే, ఎప్పుడో. నేను పుట్టకముందు."

"మా అమ్మమ్మ పెళ్ళికి కూడా ముందే. గుమ్మం దగ్గర రాసుంది. వెళ్ళి చదువుకుని రా. నేనిక్కడే ఉంటాను."

డార్లా నవ్వబోయి, వెర్లీన్ మొహం చూసి మానుకుంది. నిజంగానే లేచి గుమ్మం దాకా వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఆమె చెవులు ఎర్రబడి ఉన్నాయి.

"నాకు ముందున్నావిడ ఇలాగే చెప్పమంది," అంది. "పాతవి అడిగితే కాలిపోయాయని చెప్పు, వెళ్ళిపోతారు అంది."

"వెళ్ళిపోయింది పాపం మా అమ్మ. ప్రతిసారీ వెళ్ళిపోయింది. నేను వెళ్ళను."

డార్లా నీలం అట్ట పుస్తకం ఒకటి దించింది. పేర్లన్నీ అక్షరక్రమంలో రాసిన సూచిక అది. అట్ట మీద బంగారు అక్షరాలతో "హాలెట్ కౌంటీ వివాహములు, సంపూర్ణ సూచిక" అని ఉంది. వేలు పెట్టి పైనుంచి కిందికి చూసింది. తెల్ల పెటిగ్రూలు బోలెడుమంది ఉన్నారు. ఐజమ్ లేడు. సిమ్స్ దగ్గర వెతికింది. లువీనియా లేదు.

"ఇందులో లేకపోతే లేనట్టే. దీన్ని బట్టే పుస్తకం తీస్తాం మేము."

"సంపూర్ణం అని ఎవరన్నారు?"

"స్ప్రేబెర్రీ గారు. ఆవిడే రాయించారు. శుక్రవారాలు పక్క గదిలోనే ఉంటారు."

ఆ పక్క గదికి వంశచరిత్రల గది అని పేరు. ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో వచ్చి, మా ముత్తాత అంతర్యుద్ధంలో ఏ దళంలో పోరాడాడో చెప్పండని అడిగేవాళ్ళు అక్కడికి వస్తారు. ఆ రోజు ఒహాయో నుంచి మొగుడూ పెళ్ళాం వచ్చి, పెద్ద ఓకు బల్ల దగ్గర నిమ్మకాయ కేకు తింటూ కూర్చున్నారు. కేకు విన్‌ఫ్రెడ్ స్ప్రేబెర్రీ స్వయంగా చేసి తెస్తుంది. ఎనభై దాటిన మనిషి, మెడలో ముత్యాలు, గొంతులో తేనె.

"రండమ్మా, కూర్చోండి. కేకు ముక్క తీసుకోండి. మీరు ఏ కుటుంబం వాళ్ళు?"

"పెటిగ్రూలు."

"ఏ పెటిగ్రూలు? సాలెం చర్చి దగ్గరివాళ్ళా?"

"వాళ్ళ పొలాల్లో పత్తి ఏరిన పెటిగ్రూలం."

కత్తి కేకు మీద ఆగింది. "ఓ," అంది స్ప్రేబెర్రీ. "చాలా మంచి మనుషులు."

"మీ సూచికలో మా తాత పెళ్ళి లేదు."

"అలా జరుగుతుంటుందమ్మా. ఆ రోజుల్లో మీవాళ్ళు చాలామంది కాగితాల దాకా వచ్చేవారు కాదు కదా. ఏదో చర్చి ముందు ఒక మాట అనుకుని..."

వెర్లీన్‌కి ఒళ్ళు మండింది. "మా తాత వచ్చాడు. పక్క తలుపులోంచి వచ్చి, ఫీజు కట్టి, సంతకం పెట్టి వెళ్ళాడు. మా అమ్మమ్మ చెప్పింది. మీరు ఏయే పుస్తకాలు చూసి రాశారు?"

"రికార్డుల గదిలో ఉన్నవన్నీ."

"అన్నీనా?"

స్ప్రేబెర్రీ చేతి రుమాలుతో బల్ల మీద లేని మరకని తుడిచింది. "కొన్ని వేరే పుస్తకాలు ఉండేవనుకోండి. మీవాళ్ళవి విడిగా ఉండేవి. మేము ఆరుగురు ఆడవాళ్ళం, అందరం సంసారులం. దేశ స్వాతంత్ర్యానికి రెండొందల ఏళ్ళ పండగ వస్తోందని ఆ లోపు పూర్తి చేయాలని చాలా కష్టపడ్డాం. అవి కూడా రాయాలంటే అయ్యే పని కాదు. అయినా వాటిని ఎవరూ అడగలేదమ్మా."

"మా అమ్మ అడిగింది."

స్ప్రేబెర్రీ రుమాలు మడత పెట్టుకుంది.

"ఈ గోడకి అవతల నిలబడి అడిగింది," అంది వెర్లీన్. "ఒకసారి కాదు. మీరు ఇక్కడ కూర్చుని కేకు కోస్తూనే ఉండి ఉంటారు. ఇవాళ ఆ పుస్తకాలు ఎక్కడున్నాయి?"

"పాత జైలు మేడ మీద ఉండాలి. మేమే పంపించాం. ఈ బల్లకి చోటు కావలసి వచ్చి..."

ఒహాయో ఆయన కేకు ముక్క నోటి దాకా తెచ్చి మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు. చెయ్యి కూడా బల్ల మీంచి తీసేసుకున్నాడు.

"మరి అట్ట మీద సంపూర్ణం అని ఎందుకు వేశారు?"

"మా ఉద్దేశం ఏంటంటే..."

"మీ ఉద్దేశంలో మేము లేం. అంతేగా."

"అలా అనకండమ్మా. మాకెవరికీ చెడు ఉద్దేశం లేదు. కావాలంటే వచ్చే ఏడాది ఒక అనుబంధం వేద్దాం. మీరూ వచ్చి సాయం చేద్దురుగాని."

"మా అమ్మ రేపు మట్టిలోకి వెళ్తుంది," అంది వెర్లీన్. ఇంకో మాట మాట్లాడితే ఆ తెల్లటి జుట్టు మీద కేకు బోర్లిస్తానేమోనని భయమేసి బయటికి వచ్చేసింది. బోర్లించినా తప్పులేదని నా అభిప్రాయం.

పాత జైలు వీధికి అవతలి వైపు. డార్లా తాళాల గుత్తి పట్టుకుని, ఎత్తు మడమల చెప్పులతో ముందు నడిచింది. మేడ మీద ఎన్నికల పెట్టెలు, క్రిస్మస్‌కి వీధుల్లో కట్టే ప్లాస్టిక్ నక్షత్రాలు, కాళ్ళు విరిగిన కుర్చీలు. చివరి గదికి ఊచలు ఇంకా అలాగే ఉన్నాయి. ఆ ఊచల వెనక నేల మీద, గోడకి ఆనించి, పుస్తకాలు దొంతర పేర్చి ఉన్నాయి. పై కిటికీకి అద్దం లేదు. పావురాలు అట్టల మీద ఏళ్ళ తరబడి రెట్టలు వేసి వేసి సున్నం కొట్టినట్టు చేశాయి.

"జైల్లో పెట్టారు," అంది వెర్లీన్. "మావాళ్ళు ఏం నేరం చేశారని? పెళ్ళి చేసుకున్నారనా?"

డార్లా గుత్తిలో తాళంచెవి వెతుక్కుంది. ఊచల తలుపు బరబరా లాగింది.

ఒక్కో పుస్తకం మోయలేనంత బరువు. అట్ట వీపు మీద "రంగువారి వివాహములు" అని అచ్చు. మా వాళ్ళని అప్పట్లో అలాగే అనేవాళ్ళు. వెర్లీన్ తన మెడ రుమాలు తీసి రెట్టలు తుడిచింది. 1921ది మూడో పుస్తకం. మోకాళ్ళ మీద కూర్చుని తెరిచింది. బయటి అట్ట పాడైంది గాని లోపలి పేజీలు చెక్కుచెదరలేదు. సిరా నిన్న రాసినట్టే ఉంది.

పేజీ తరవాత పేజీ. ఊళ్ళో తనకి తెలిసిన ఇంటిపేర్లన్నీ ఉన్నాయి. కాలిపోయారని చెప్పిన వాళ్ళందరూ అక్కడ వరసగా ఉన్నారు. నవంబరు నెలలో ఐజమ్ పెటిగ్రూ, లువీనియా సిమ్స్. పెళ్ళి చేయించిన పాస్టరు పేరు, సాక్షుల పేర్లు. చుట్టూ చాలామంది సంతకానికి బదులు ఒక గుర్తు గీసి వదిలేశారు. ఐజమ్ మాత్రం తన పేరు తానే రాశాడు, గీత దాటకుండా, అక్షరం అక్షరం దిద్ది.

వెర్లీన్‌కి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. అమ్మ నిలబడి అడిగిన కిటికీకి, ఈ పేజీకి మధ్య ఉన్నదల్లా ఒక వీధి. ఎవరైనా ఒక్కరు, ఒక్కసారి, "ఉండండమ్మా, చూసొస్తాను" అని ఉంటే సరిపోయేది. అమ్మ ఆ ముద్ర లేకుండా బతికేది.

"దీనికి ముద్ర వేసిన నకలు ఇవ్వు," అంది.

డార్లా చేతులు నలుపుకుంది. "ముద్ర వేయాలంటే జడ్జి గారి సంతకం ఉండాలి. ఆయన చేపల వేటకి సముద్రానికి వెళ్ళారు. మంగళవారం వస్తారు. ఉత్త నకలైతే ఇప్పుడే ఇస్తాను."

"ఉత్త నకలుకి గేటు తీయరు. పుస్తకం ఇవ్వు, నేను తీసుకెళ్ళి చూపిస్తాను."

"అమ్మో, పుస్తకం గుమస్తా చేతిలోంచి పోకూడదు. చట్టం ఒప్పుకోదు."

"ఇన్నేళ్ళూ పావురాల చేతిలో ఉండొచ్చు. నా చేతిలో ఉండకూడదా?"

డార్లా కిటికీ వైపు చూసింది, పావురాల వైపు చూసింది, వెర్లీన్ వైపు మాత్రం చూడలేకపోయింది.

"పోనీ నీ చేతిలోంచి పోనక్కర్లేదు," అంది వెర్లీన్. "నీ చేతుల్లోనే పెట్టుకుని రేపు పదకొండింటికి గేటు దగ్గరికి రా."

"రేపు శనివారం. మా అబ్బాయికి బేస్‌బాల్ ఆట ఉంది."

"మా అమ్మకి అంత్యక్రియలు ఉన్నాయి. చూడు డార్లా, నువ్వు రాకపోతే మేమే వస్తాం. శవపేటిక తీసుకొచ్చి మీ ముందు మెట్ల మీద, ఆ ఇత్తడి ఫలకం కింద పెట్టుకుని కూర్చుంటాం. మంగళవారం జడ్జి గారు చేపలు పట్టుకొచ్చేదాకా. చర్చి మొత్తం వస్తుంది. పాటలు కూడా పాడతాం. జూన్ ఎండలు ఎలా ఉన్నాయో నీకు తెలుసు."

డార్లా వంగి పుస్తకం మూసింది. "ఎలా వెళ్ళాలి అక్కడికి?" అని అడిగింది.

మర్నాడు గేటు ముందు ఎర్రమట్టి దారి పొడుగునా కార్లు నిలిచిపోయాయి. అన్నిటికంటే ముందు శవవాహనం. ఆడవాళ్ళు వేయించిన కోడి, బంగాళాదుంప కూర, పండ్ల తీపి రొట్టెల గిన్నెలు ఒళ్ళో పెట్టుకుని, విసనకర్రలు విసురుకుంటూ కూర్చున్నారు. రూడెల్, అతని మనుషులు నలుగురు పారలు భుజాన వేసుకుని నిలబడ్డారు. గేటు తీస్తే అప్పటికప్పుడు తవ్వాలి. అవతల వెండెల్ క్రామ్ తన ట్రక్కు మీద ఆనుకుని, ఆకుల రంగు టోపీ పెట్టుకుని, నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి పల్లీలు నములుతున్నాడు.

పదకొండు దాటింది. పన్నెండు కావస్తోంది.

"రాదక్కా," అన్నాడు రూడెల్. "వాళ్ళెప్పుడు వచ్చారు గనక మన కోసం. చర్చి దగ్గర చోటు చూసే ఉంచాను."

"ఆ మాట ఇంకోసారి అంటే నిన్ను పెడతాను అక్కడ."

అప్పుడే వెనకనుంచి దుమ్ము లేచింది. డార్లా కారు. అద్దం మీద కౌంటీ ఉద్యోగుల గుర్తు. వెనక సీట్లో, పసిపిల్లల కుర్చీలో, స్నానం తువ్వాలు చుట్టి బెల్టు బిగించి పుస్తకం. డార్లా దాన్ని రెండు చేతులతో ఎత్తుకుని వచ్చింది. వరసలో ఉన్న కార్లలోంచి ముసలివాళ్ళు దిగారు. "అదేనా? అందులో మా అమ్మావాళ్ళు ఉంటారా?" అని ఒకావిడ అడిగింది. ఆవిడకీ కాలిపోయిందనే చెప్పారు మరి.

క్రామ్ పల్లీ తొక్కలు కింద పారేసి గేటు దగ్గరికి వచ్చాడు. డార్లాని చూశాడు, కారు అద్దం మీది గుర్తు చూశాడు.

"ఓహో, కౌంటీ వాళ్ళే వచ్చారా. అయితే సరేలెండి," అని జేబులోంచి తాళంచెవి తీశాడు. గొలుసు జారి కింద పడింది. గేటు బార్లా తెరుచుకుంది.

వెర్లీన్ అలాగే చూస్తూ నిలబడింది. "మీరు చూడరా?" అని అడిగింది.

"ఏంటి చూసేది?"

"పుస్తకం. ఐజమ్ కూతురని రుజువు కావాలన్నారు. మీ లాయరుకి కావాలన్నారు."

"అక్కర్లేదమ్మా. ఆవిడ తెచ్చిందిగా."

అంతే. ఆరు రోజులు తల్లిని మంచు గదిలో ఉంచి, పాత జైలు మెట్లెక్కి, రెట్టలు తుడిచి తెచ్చిన పేజీ వాడికి అక్కర్లేదు. తెల్లమ్మాయి ఒకతె చేతిలో ఏదో పట్టుకుని దిగితే చాలింది. అది వంటల పుస్తకమైనా వాడు గేటు తీసేవాడే. వెర్లీన్‌కి మండిపోయింది. ఆ పల్లీల మొహాన్ని ఏమన్నా వాడికి ఎక్కదని కూడా తెలుసు, అదింకా మండించింది.

వాహనం డ్రైవరు బండి స్టార్ట్ చేశాడు. రూడెల్ పారలు లోపలికి పంపించాడు. వెర్లీన్ వెళ్ళి బండికి అడ్డంగా నిలబడింది.

"ఆపు," అంది.

డ్రైవరు ఆపాడు. రూడెల్ పరుగెత్తుకొచ్చాడు. "గేటు తీశాడు కదక్కా. ఇంకా ఏంటి? వాడు మనసు మార్చుకోకముందే లోపలికి పోదాం పద."

"వెనక తలుపు తియ్యి."

"ఇక్కడా? రోడ్డు మీదా?"

"తియ్యమన్నాను."

తలుపు తీశారు. బూడిద రంగు శవపేటిక, పైన తెల్ల పూలు. వరసలో ఉన్న వాళ్ళంతా దగ్గరికొచ్చి, ఏం జరుగుతోందో తెలియక చేతిలో విసనకర్రలు ఆపేశారు. పాస్టరు గారు టోపీ తీసి చేత పట్టుకున్నారు.

"డార్లా, ఇటు రా," అంది వెర్లీన్. "ఆ పేజీ తియ్యి. ఇక్కడ, దగ్గరగా నిలబడి చదువు."

డార్లా పుస్తకం ఎత్తుకుని ఎర్రమట్టిలో తడబడుతూ వచ్చింది. "ఆయన గేటు తీసేశాడు కదండీ. ఇంక ఎవరికి చదవాలి?"

"అడిగిన మనిషికి."

డార్లాకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక నుదుటి మీది చెమట తుడుచుకుంది. పుస్తకం తెరిచి, అంచు శవపేటిక మీద ఆనించి, వేలితో వరస వెతుక్కుంది. తల వంచి చదవడం మొదలుపెట్టింది. ఐజమ్ పెటిగ్రూ, ఇరవై రెండేళ్ళు, ఈ కౌంటీ నివాసి. లువీనియా సిమ్స్, పంతొమ్మిదేళ్ళు, ఈ కౌంటీ నివాసి. గొంతు చిన్నదైపోయి సగం మాటలు లోపలే ఉండిపోతున్నాయి.

"గట్టిగా చదువు," అంది వెర్లీన్. "చివరి రోజుల్లో అమ్మకి చెవులు సరిగా పనిచేసేవి కావు."

డార్లా ఊపిరి పీల్చుకుని, మళ్ళీ మొదటినుంచి, ఆఖరి కారు దగ్గర నిలబడ్డవాళ్ళకి కూడా వినపడేలా చదివింది.